పట్వారి దస్త్రము మొదలు బ్రౌజరు వరకు



నేటి నా ప్రసంగమునకు విషయము బ్రౌజరు. ఇది ఇంగ్లీషు మాట. ఆ భాషలో ఈ మాటకు మూలమైన క్రియకు మొదటి అర్థము పశువులు లేత చివుళ్లు మేయుట. తరువాత దుకాణములో సరుకులను, గ్రంథాలయములో పుస్తకములను ఇటునటు త్రిప్పి చూచుటకును ఆ మాటనే వాడసాగిరి. మనవారు కొందరు దీనికి విహారిణి అని చక్కని పేరు పెట్టిరి గాని, కరీంనగరు అంగడిలో ఆ పేరు చెప్పిన తెలిసికొనువారు అరుదు. కావున నేను బ్రౌజరు అనియే అనెదను. మన చేతిలోని ఫోనునుండి గాని, బల్లమీది కంప్యూటరునుండి గాని, దూరమందున్న మరియొక యంత్రమునకు విన్నపము పంపి, అచ్చట దాచిన కాగితమును తెప్పించి మన కన్నులయెదుట పరచి చూపు సాధనమే బ్రౌజరు. అంతకు మించిన మహిమ దానియందు లేదు. కాగితము మరియొకచోట నున్నది. చూపునది మాత్రమే ఇది.

దీని చరిత్రను ఐరోపాలో మొదలుపెట్టుట వాడుక. నేను మన పట్వారి ఇంటి అరుగుమీద మొదలుపెట్టెదను. ఏలననగా, బ్రౌజరు నేర్చుకొనుట మనకెందుకను ప్రశ్నకు సమాధానము జెనీవాలో దొరకదు. ఆ అరుగుమీదనే దొరకును.

నిజాము రాజ్యములో గ్రామమునకు మాలీ పటేలు, పోలీసు పటేలు, పట్వారి అను ముగ్గురు వతనుదారులుండిరి. వీరిలో లెక్కలు వ్రాయువాడు పట్వారి. ఎవరి భూమి ఎంత, శిస్తు ఎంత, బాకీ ఎంత, ఏ సర్వే నంబరులో ఎవరు కాస్తు చేయుచున్నారు అను సంగతులన్నియు అతని గుడ్డమూటలోని దస్త్రములో నుండెను. ఆ మూట విప్పవలెనన్న అతని దయ కావలెను. విప్పినను చదువువాడు అతడే. పై కచేరీలలో సర్కారు భాష 1880ల దశకములో పారసీనుండి ఉర్దూకు మారినది. రైతులో, కరీంనగరు జిల్లాలో తెలుగువారు. ఆదిలాబాదు జిల్లాలో తెలుగువారితోపాటు మరాఠీవారు, కొండలలో గోండులు, కొలాములు. తన పొలము పేరిట వ్రాయబడిన మాట తనకు తెలియని భాషలో, తాను చూడజాలని మూటలో నుండుట ఆనాటి రైతుస్థితి. అడుగున నిశానీ మాత్రము తనది. ఆ బొటనవ్రేలి ముద్ర దేనికి ఒప్పుకొన్నదో వ్రేలికి తెలియదు.

ఈ స్థితి కొండప్రాంతములో ఎంతటి అనర్థమునకు దారితీసెనో మీరెరుగుదురు. అడవిశాఖవారి హద్దులు, బయటనుండి వచ్చిన వారి పట్టాలు, కబ్జాలు ఒక్కటైనప్పుడు గోండుల పోడుభూములు వారి చేతులనుండి జారిపోయినవి. 1940లో జోడేఘాటులో కుమరం భీము తుపాకిగుండ్లకు బలియైన పిదప నిజాము ప్రభుత్వము మేలుకొని, ఆ అశాంతికి కారణములను విచారించుటకు హైమన్‌డార్ఫ్ అను ఆస్ట్రియా దేశపు పండితుని నియోగించినది. ఆయన మార్లవాయి గ్రామములో గోండులతో కలిసి నివసించి, వారి భాష నేర్చుకొని, విచారణ జరిపెను. పట్టాలు ఇయ్యవలెననునది ఆయన సలహాలలో ముఖ్యమైనది. దానితోపాటు ఆయన పట్టుబట్టిన మరియొక సంగతి చదువు. కాగితము చదువలేనివానికి పట్టా ఇచ్చినను అది నిలువదని ఆయన గ్రహించెను. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ కేంద్రము ఏర్పడినది. గోండీభాషను నాగరలిపిలో వ్రాసి వాచకములు సిద్ధపరచిరి. పురాణపఠనమునకో, ఉద్యోగమునకో గాక, రశీదు చదువుటకు, సాహుకారు పద్దు సరిచూచుకొనుటకు అక్షరములు నేర్పిన బడి అది. నా దృష్టిలో మన ప్రాంత విద్యాచరిత్రలో మార్లవాయి బడికున్న స్థానము పెద్ద కళాశాలలకు లేదు.

తరువాతి కథ త్వరగా చెప్పెదను. 1948 సెప్టెంబరులో హైదరాబాదు రాజ్యము భారతదేశమున కలిసినది. 1954-55లో ఖాస్రా పహాణీ తయారైనది. నేటికిని భూవివాదములలో వకీళ్లు మొదట అడుగు కాగితము అదియే. 1984లో నందమూరి తారకరామారావు ప్రభుత్వము ఆర్డినెన్సుద్వారా పటేలు పట్వారీల వంశపారంపర్యోద్యోగములను తీసివేసినది. మరుసటి సంవత్సరము తాలూకాలకు బదులు మండలములు వచ్చినవి. పట్వారి పోయెను గాని మూట పోలేదు. అది మరియొక ఉద్యోగి చేతికి మారినది. 2020 సెప్టెంబరులో గ్రామ రెవెన్యూ అధికారుల పదవులను గూడ తెలంగాణ ప్రభుత్వము రద్దు చేసినది. అదే సంవత్సరము అక్టోబరు 29వ తేదీన ధరణి అను పేర భూమిలెక్కలన్నియు కంప్యూటరు కెక్కినవి. దానియందు పేర్లు తప్పిపోవుట, పట్టాభూములు నిషేధిత జాబితాలో చేరుట మొదలగు దోషములపై గ్రామగ్రామమున గోల పుట్టినది. 2025 ఏప్రిల్ 14వ తేదీన దాని స్థానములో భూభారతి ప్రవేశపెట్టబడినది.

ఇప్పుడు చూడుడు. గుడ్డమూట లేదు, అరుగు లేదు, మూట విప్పువాడును లేడు. దస్త్రము ఎక్కడనో ఒక యంత్రములో నున్నది. దానిని విప్పి చూపునది బ్రౌజరు. 2018 మే 10వ తేదీన రైతుబంధు పథకమును హుజూరాబాదు దగ్గర శాలపల్లిలో ప్రారంభించిరి. మన జిల్లా సంగతియే గనుక మీలో పలువురు ఆ సభకు వెళ్లియుందురు. ఆనాటినుండి లెక్కలో పేరున్నవానికే పైకము. నేనెరిగిన ఒక పెద్దమనిషికి రెండు గుంటల భూమి లెక్కలో తక్కువ పడినది. ఆ సంగతి ఆయనకు మూడేండ్లు తెలియదు. కాగితము తీసియిచ్చిన కుర్రవాడు చెప్పలేదు, ఆయన అడుగలేదు. ఆయనకు తెలుగు చదువ వచ్చును, ఉర్దూ వచ్చును, లెక్కలో దిట్ట. చదువురాక గాదు, తెరచి చూచుట రాక ఆయన మరల నిశానీ కాలమునకు పోయెను. రేషను దుకాణములో బొటనవ్రేలు యంత్రముపై నుంచునప్పుడెల్ల నాకీ మాట జ్ఞాపకము వచ్చును. చదివినవానికిని చదువనివానికిని అచ్చట ఒకే నిశానీ.

ఇక ఈ బ్రౌజరు ఎట్లు పుట్టినది? జెనీవా నగరము చెంత సెర్న్ అను అణుపరిశోధనాలయము కలదు. అచ్చట వేలకొలది పండితులు పనిచేసి వెళ్లుచుందురు. ఒకరి కాగితములు ఒకరి కందవు. ఒక యంత్రములోని వ్రాత మరియొక యంత్రములో తెరువబడదు. ఈ చిక్కును తీర్చుటకు టిమ్ బెర్నర్స్ లీ అను ఆంగ్లేయుడు 1989 మార్చిలో ఒక ప్రతిపాదన వ్రాసెను. 1990 చివరకు మొదటి బ్రౌజరు తయారైనది. ఆయన ఊహలోని ముఖ్యాంశము లంకె. ఒక కాగితములోని మాటను తాకినచో ఆ మాటకు సంబంధించిన మరియొక కాగితము, అది ఏ దేశమందున్నను, వచ్చి నిలుచును. దీనికాయన పెట్టిన పేరులో వెబ్ అను మాట ఉన్నది. దానిని సాలెగూడు అని మనవారు తెనిగించుచున్నారు. కాని ఇంగ్లీషులో ఆ మాటకు మగ్గముమీద నేసిన బట్ట అనియు అర్థము కలదు. సిరిసిల్లవారికి ఆ అర్థమే బాగుగా తెలియును: పడుగుపేకలలో ఏ పోగును పట్టి పోయినను బట్టయంతయు చేతికి వచ్చును. సాలెగూడునకు నడుమ ఒక సాలీడు కూర్చుండును. ఈ నేతకు నడుమ యజమాని లేడు.

యజమాని లేకుండుట దైవికముగా జరుగలేదు. 1993 ఏప్రిల్ 30వ తేదీన సెర్న్‌వారు దీనిపై తమకెట్టి హక్కును లేదని, ఎవరైనను రుసుము చెల్లింపకయే వాడుకొనవచ్చునని వ్రాసియిచ్చిరి. ఆ ఒక్క కాగితము లేకున్న నేడు ప్రతి పుటను చూచుటకు సుంకము కట్టవలసియుండెడిదేమో. అదే సంవత్సరము అమెరికాలోని ఇల్లినాయి విశ్వవిద్యాలయమున మార్క్ ఆండ్రీసెన్, ఎరిక్ బీనా అను ఇద్దరు మొజాయిక్ అను బ్రౌజరును చేసిరి. వ్రాతయు బొమ్మయు ఒకే పుటపై కలిసి కనబడుట దానివలననే జనులకు అలవాటైనది. 1994లో నెట్‌స్కేప్, 1995లో మైక్రోసాఫ్టువారి ఎక్స్‌ప్లోరర్, 2004లో ఫైర్‌ఫాక్స్, 2008లో గూగులువారి క్రోము వచ్చినవి. వీని పోటీలు, వ్యాజ్యములు పెద్ద గ్రంథమగును, మనకు పనిలేదు. పేరేదైనను కిటికీ ఒక్కటే.

భారతదేశమున విదేశ్ సంచార్ నిగమ్‌వారు 1995 ఆగస్టు 15న సామాన్యప్రజలకు ఇంటర్నెట్టు తెరచిరి. అప్పటికి మన జిల్లాలలో టెలిఫోనున్న ఊళ్లే లెక్కకు వచ్చునన్ని. తరువాతి దశకములో కరీంనగరు, ఆదిలాబాదు, మంచిర్యాల వంటి పట్టణములలో గంటకింత అని రుసుము తీసికొను ఇంటర్నెట్టు కేంద్రములు వెలసినవి. పరీక్షా ఫలితములు వచ్చు దినమున వాని ముందు సంతవలె నుండెడిది. 2008లో బాసరలో రాజీవ్‌గాంధీ వైజ్ఞానిక విశ్వవిద్యాలయమును స్థాపించి, సర్కారు బడులలో చదివిన పల్లెపిల్లలను చేర్చుకొని, వారి చేతికి కంప్యూటర్లిచ్చిరి. బాసర యనగా మనవారు పసిబిడ్డలకు పలకయిచ్చి అక్షరాభ్యాసము చేయించు చోటు. గోదావరియొడ్డున ఒకవైపు ఓనమాలు, కొలది దూరములో కంప్యూటరు. ఈ ఏర్పాటు ఎవరు ఆలోచించి చేసిరో గాని చక్కగా కుదిరినది. 2016 సెప్టెంబరులో జియో కంపెనీ వచ్చిన పిదప ధరలు పడిపోయి బ్రౌజరు ఫోనులోనికి దిగినది. మరుసటి నెలలోనే, అక్టోబరు 11న, మన రెండు జిల్లాలు పెక్కు జిల్లాలైనవి. నేను మాత్రము పాత అలవాటు చొప్పున కరీంనగరు, ఆదిలాబాదు అనియే చెప్పుచున్నాను.

తెలుగు మాట కొంచెము చెప్పవలెను. మొదట బ్రౌజరులో తెలుగు కనబడుట అరుదు. తెలుగు పత్రికలు తమ పుటలను పెట్టసాగినప్పుడు ఒక్కొక్కటి తన స్వంత అచ్చుమూసను వాడినది. ఆ మూస మన యంత్రములో లేనిచో తెలుగునకు బదులు పిచ్చిగీతలు కనబడెడివి. ఊరికొక మానిక ఉన్నట్లు! దీనికి మందు యూనికోడ్ అను ఏర్పాటు. ప్రపంచమందలి ప్రతి లిపిలోని ప్రతి అక్షరమునకు మారని సంఖ్య నొక్కదానిని నిర్ణయించుట దాని పద్ధతి. తెలుగునకు 1991లో మొదటి కూర్పులోనే చోటు దొరకినది. యంత్రములు దానిని పాటించుటకు మరి పదేండ్లు పట్టినది. 2003 డిసెంబరు 10న తెలుగు వికీపీడియా అను విజ్ఞానసర్వస్వము ఆరంభమైనది. దానిలో ఎవరైనను వ్రాయవచ్చును, తప్పుల దిద్దవచ్చును. మీ ఊరి పుట అచ్చట ఉన్నదేమో మనుమనిచేత తీయించి చదువుడు. పుట ఉన్నచో తప్పులును ఉండును, దిద్దుటకు మీకంటె తగినవారు లేరు.

మన పొరుగువాని మాట మరువరాదు. ఆదిలాబాదు జిల్లా నార్నూరు మండలమున గుంజాల అను గ్రామము కలదు. అచ్చట గోండీభాషకు ప్రత్యేకమైన లిపిలో వ్రాసిన పాత ప్రతులు బయటపడినవి. ఊరిలో కొలదిమంది వృద్ధులు మాత్రమే వానిని చదువగలిగియుండిరి. హైదరాబాదు విశ్వవిద్యాలయమునుండి ఆచార్య జయధీర్ తిరుమలరావుగారు మొదలగువారు శ్రమించి ఆ లిపిని వెలుగులోనికి తెచ్చిరి. ఆ వృద్ధులు పిల్లలకు నేర్పిరి. 2018లో యూనికోడ్‌వారు గుంజాల గోండి లిపికి సంఖ్యల నిచ్చిరి. తెలుగు తరువాత 27 సంవత్సరములకు! మార్లవాయి బడిలో నాగరలిపిలో వ్రాయబడిన భాష నేడు తన స్వంత అక్షరములతో బ్రౌజరులో కనబడగలదు. కొలదిమంది ముసలివారు తమకు తెలిసినదానిని విడిచిపెట్టకుండుటవలన ఇది సాధ్యమైనది.

ఇక నేర్చుకొను విధము. నేను మా గ్రామ గ్రంథాలయములో సాయంకాలమున కొందరు పెద్దలకు దీనిని చూపుచుందును. వారికి వ్రేళ్లు వణకుట చిక్కు గాదు, కన్ను ఆనకుండుటయు చిక్కు గాదు. అక్షరములను పెద్దవి చేసికొనవచ్చును. ఏదైన తప్పు నొక్కినచో యంత్రము చెడునను భయమే చిక్కు. చెడదు. పైన గాని క్రింద గాని ఎడమవైపునకు తిరిగిన బాణపుగుర్తు నొక్కిన వెనుకటి పుట మరల వచ్చును. మొదటి దినమున నేను దీనినొక్కదానినే నేర్పుదును. తిరిగివచ్చు త్రోవ తెలిసినవాడు అడవికైనను వెళ్లగలడు.

రెండవది చిరునామా. కిటికీ అంచున పొడవైన గడి ఉండును. అందులో మనకు కావలసిన పుట చిరునామా వ్రాయవలెను. మాటలు మాత్రము వ్రాసినచో, వెదకుడుయంత్రము కొన్ని పుటల పట్టీ నిచ్చును. ఈ రెంటికి భేదము తెలియక పెక్కుమంది మోసపోవుచున్నారు. పట్టీలో మొదట కనబడునవి కొన్ని డబ్బిచ్చి వేయించుకొన్న ప్రకటనలు. మొదట నున్నంతమాత్రమున సర్కారు పుట యని నమ్మరాదు.

చిరునామా చదువుట ఉత్తరముమీది చిరునామా చదువుటవంటిదే. మనము ఇంటిపేరు, ఊరు, మండలము, జిల్లా అని చిన్నదానినుండి పెద్దదానికి వ్రాయుదుము. ఇచ్చటను అంతే. భూభారతి చుక్క తెలంగాణ చుక్క జీ.ఓ.వీ. చుక్క ఐ.ఎన్. అని ఉన్నది. చివరి ఐ.ఎన్. అనగా ఇండియా. దానిముందరి జీ.ఓ.వీ. అనగా సర్కారు, ఈ గుర్తు సర్కారు సంస్థలకు తప్ప ఇతరుల కియ్యరు. దానిముందు తెలంగాణ. మొట్టమొదట భూభారతి. కావున మొదటి గీటుగీతవరకు చూచి, అచ్చటినుండి వెనుకకు చదువవలెను. ఒక మోసగాడు తెలంగాణ, జీ.ఓ.వీ. అను మాటలను మొదట చేర్చి చివర మరియొక పేరు, కామ్ అని ముగించునేని, అది సర్కారు చిరునామా గాదు. జిల్లా పేరు మారిన ఉత్తరము ఇంటిపేరు సరిగా నున్నను ఏ ఇంటికి చేరునో మీకు తెలియును.

చిరునామా ప్రక్క కొన్ని బ్రౌజర్లలో తాళపుగుర్తు ఉండును. ఒక పెద్దాయన నన్నడిగెను: "గీ తాళం గుర్తున్నదంటె దొంగ రాడన్నట్టే గద సారూ?" మంచి ప్రశ్న. మనకును ఆ పుటకును నడుమ సాగు మాటలను త్రోవలో మూడవవాడు వినజాలడని మాత్రమే ఆ తాళమునకు అర్థము. ఆ పుట పెట్టినవాడే దొంగయైనచో తాళమేమి చేయును? దొంగయింటికిని తాళముండును. జనులీ గుర్తును నమ్మకపుగుర్తుగా పొరబడుచున్నారని క్రోమువారు 2023లో దానిని తీసివేసి మరియొక గుర్తు పెట్టిరి.

భూమి లెక్క చూచుటకు జిల్లా, మండలము, గ్రామము, సర్వే నంబరు ఎంచుకొనవలెను. వచ్చిన పుటలో మొదట మీ పేరులోని అక్షరములు, పిదప తండ్రిపేరు, పిదప ఎకరములు గుంటలు, చివర భూమి స్వభావము చూడుడు. పాసుపుస్తకము ప్రక్కన పెట్టుకొని గుంట గుంట సరిచూడవలెను. చూచుటకు ఎవరును మీ ఫోనుకు వచ్చిన ఆరంకెల సంఖ్యను ఫోనుచేసి అడుగరు. అట్లడుగువాడు ఏ కచేరీవాడనని చెప్పినను ఫోను పెట్టివేయుడు.

ఒక సంగతి మిగిలినది. బ్రౌజరునకును ఒక పహాణీ కలదు. మీరు ఏ దినమున, ఏ గడియలో, ఏ పుట చూచితిరో అది వరుసగా వ్రాసికొనును. దానికి వారు పెట్టిన పేరు చరిత్ర అనియే. మీ స్వంత ఫోనులో అది మేలే. నిన్న చూచిన పుట నేడు వెదకనక్కరలేదు. మీసేవ కేంద్రములో గాని, పరుల ఇంటిలో గాని చూచినప్పుడు మాత్రము లాగౌటు నొక్కి, ఆ దినపు చరిత్రను చెరిపి, కిటికీ మూసి, ఆ తరువాతనే కుర్చీనుండి లేవవలెను.